ఇంటర్న్‌షిప్పునకు పరిచయ లేఖ వ్రాయు విధానం

డిగ్రీ ఆఖరి సంవత్సరపు తరగతులు ప్రారంభమైన కొద్ది వారాలకే విద్యార్థులు ఒక్కొక్కరుగా ఒక కాగితం చేతబట్టుకొని మా వద్దకు రావడం ఇటీవల పరిపాటి అయినది. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలోని ఏదో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటర్న్‌షిప్ కోరుతూ వ్రాసిన లేఖ అది. “సార్, ఇందులో ఇంగ్లీషు తప్పులు దిద్దండి” అని అడుగుతారు. మేము దిద్దుతాము. కాని ఆ లేఖలలోని అసలు లోపం ఇంగ్లీషుకు సంబంధించినది కాదు. లేఖ అంతా చదివిన పిమ్మట కూడ ఈ విద్యార్థి ఎవరు, ఏమి నేర్చినాడు, ఏ పని చేయగలడు అన్న సంగతి మాకు తెలియదు. వ్యాకరణం దిద్దినంత మాత్రాన తీరు లోపం కాదిది. కావున ఈ వార్షిక సంచికలో ఆ విషయమునే కొంత వివరంగా ముచ్చటింప దలచినాము.

చదువు సాగుచుండగానే కొన్ని వారాలో, కొన్ని నెలలో ఒక సంస్థలో చేరి, అక్కడి పనిని పనిచేస్తూ నేర్చుకొనుటకే ఇంటర్న్‌షిప్ అని పేరు. ఆ అవకాశం కోరుతూ మన వివరాల పట్టికకు, అనగా రెజ్యూమేకు, జతపరచు చిన్న ఉత్తరమే కవర్ లెటర్. దానిని మేమిక్కడ పరిచయ లేఖ అంటున్నాము. పట్టిక మన చదువును, మార్కులను వరుసగా చెప్పును. ఈ పనికి మనమెందుకు తగుదుమో చెప్పవలసినది లేఖ.

నగరం మారిన తీరు

మన నగరానికి పడమటి దిక్కున నేడు కనిపించు క్రొత్త నగరపు వయస్సు మూడు దశాబ్దాలకు మించలేదు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని నెలకొల్పినది. గచ్చిబౌలిలోని ఐఐఐటీ కూడ ఆ సంవత్సరమే మొదలైనది. నేడు అదే గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపితమైనదీ 1998లోనే. కంప్యూటరు విద్యకు, ఉర్దూ విద్యకు ఒకే ఏడాది, ఒకే దిక్కున రెండు విద్యాలయాలు ఏర్పడుట మన విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయం.

2019లో మెట్రో రైలు మార్చి నెలలో హైటెక్ సిటీ వరకు, నవంబరులో రాయదుర్గం వరకు సాగినది. పాతనగరపు విద్యార్థి నేడు మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వద్ద మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగవచ్చును. దారి సుగమమైనది. కాని ఆ స్టేషనులో దిగిన పిమ్మట ఏ భవనంలోనికైనా ప్రవేశించుటకు ఎవరో ఒకరు లోపలి నుండి పిలువవలెను. పెద్ద ఇంజనీరింగు కళాశాలలకు సంస్థలవారే వచ్చి విద్యార్థులను ఎంపిక చేసుకొని పోవుదురు. మరికొందరికి ఆ సంస్థలలోనే అన్నగారో, బాబాయిగారో పనిచేయుచుండి సిఫారసు చేయుదురు. మన విద్యార్థులలో అధికసంఖ్యాకులకు ఈ రెండును లేవు. వారి తరఫున మాట్లాడునది వారు వ్రాసిన లేఖ ఒక్కటే. అది బలహీనంగా ఉన్నచో, బుద్ధి, శ్రమ రెండును గల విద్యార్థి ఎవరి కంటను పడకయే మిగిలిపోవును. దీనిని మేము చిన్న విషయంగా తలచకుండుటకు కారణమిదే.

అర్జీ వేరు, పరిచయ లేఖ వేరు

అర్జీ, దరఖాస్తు, సిఫారసు, జవాబు, కాగితం – ఈ మాటలన్నీ అరబ్బీ, పారశీకముల నుండి మన వ్యవహారంలోకి వచ్చి తెలుగులో కలిసిపోయినవి. నిజాం ప్రభుత్వ కచేరీలలో 1880ల వరకు పారశీకం, పిమ్మట ఉర్దూ అధికార భాషలుగా ఉండెను. కచేరీకి పోవువాడు తన కష్టములు విన్నవించి, ఏలినవారి దయ కోరి, అర్జీ సమర్పించుకొనెడివాడు. ఆ మాటతోపాటు ఆ భంగిమ కూడ మనకు సంక్రమించినది.

అర్జీ తప్పు అని మా అభిప్రాయం కాదు. ఫీజు రాయితీకి, ఉపకార వేతనమునకు వ్రాయునపుడు ఇంటి పరిస్థితియే అసలు విషయం. దానిని దాచరాదు. కాని ఇంటర్న్‌షిప్ లేఖను చదువు వ్యక్తి దయ పంచుటకు కూర్చున్నవాడు కాడు. ఆయనవద్ద ఒక పని ఉన్నది. ఆ పనికి చేతులు కావలెను. “నేను పేద కుటుంబం నుండి వచ్చినాను, ఒక్క అవకాశం దయచేసినచో జన్మాంతం కృతజ్ఞుడనై ఉందును” అని వ్రాసినచో ఆయన మనసు కరగవచ్చును గాని, ఆయన ప్రశ్నకు జవాబు దొరకదు. పేదరికం సిగ్గుపడవలసినది కాదు. అయినను అది ఆ లేఖలో చెప్పవలసిన అర్హతయు కాదు.

లోకమున ఈ భేదమును గ్రహించినవారు పూర్వమే కలరు. ఇటలీ దేశపు లియొనార్డో డావిన్సీ సుమారు 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడైన లుడొవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ వ్రాసిన లేఖ ప్రసిద్ధమైనది. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్ల వయస్సు. లోకం ఆయనను ప్రధానంగా చిత్రకారునిగా ఎరుగును. అయినను ఆ లేఖలో చిత్రకళ ప్రసక్తి చిట్టచివర మాత్రమే వచ్చును. మిలాన్ పాలకునకు యుద్ధభయం ఉన్నది. కావున తేలికగా మోసుకొనిపోదగిన వంతెనలు, కోటలను ముట్టడించు పద్ధతులు, ఫిరంగులు, కప్పుగల రథములు తాను చేయగలనని వరుసగా వ్రాసెను. నమ్మకం కుదరనిచో పరీక్షించి చూడుమనెను. చదువువానికి ఏది కావలెనో తెలిసికొని వ్రాయుట ఆ లేఖలోని గుణం. అయితే ఆ పనులలో అనేకం ఆయన అప్పటికి చేసి చూపినవి కావు. ఆ భాగమును మాత్రం మనం అనుకరింపరాదు.

ఇక సంబోధనల విషయం. మన తాతలు “మహారాజరాజశ్రీ” అని మొదలుపెట్టి “ఉభయకుశలోపరి” అన్న పిమ్మటగాని అసలు సంగతికి వచ్చెడివారు కారు. పారశీక సంప్రదాయంలోను బిరుదులు, గౌరవవాచకములు అర పుట నిండెడివి. మీర్జా గాలిబ్ (1797–1869) తన ఉర్దూ ఉత్తరాలలో ఆ బరువంతయు దించివేసి, ఎదుట కూర్చున్న మనిషితో మాట్లాడుచున్నట్లు వ్రాసెను. 1868లో ‘ఊదే హిందీ’, 1869లో ‘ఉర్దూ ఏ ముఅల్లా’ అను పేర్లతో ఆ ఉత్తరాలు అచ్చయినవి. ఉర్దూ వచనమునకు అవి దారి చూపినవి. నేటి విద్యార్థి కూడ “రెస్పెక్టెడ్ సర్” అని మొదలిడి, నాలుగు వాక్యాల స్తోత్రం వ్రాసి, “కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్” అని ముగింపనక్కర లేదు. చదువువారు స్త్రీ కావచ్చును, పురుషుడు కావచ్చును. పేరు తెలిసినచో పేరుతో, తెలియనిచో “డియర్ హైరింగ్ మేనేజర్” అని సంబోధించుట చాలును.

ఒక లేఖ, రెండు రూపములు

మా విద్యార్థిని ఒకతె లేఖను ఉదాహరణగా తీసికొందము. ఆమె బీఎస్సీలో గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్సు చదువుచున్నది. మందుల సరఫరాకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ తయారుచేయు ఒక చిన్న సంస్థ మూడు నెలల ఇంటర్న్‌షిప్ ప్రకటించినది. పైథాన్, ఎస్‌క్యూఎల్ తెలిసినవారు కావలెనన్నది. ఆమె మొదట వ్రాసిన లేఖ సారాంశం ఇది:

“గౌరవనీయులైన మహాశయా, ప్రఖ్యాతి గాంచిన మీ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయవలెనని నాకు మిక్కిలి ఆసక్తి. నేను కష్టపడి పనిచేయు స్వభావము గలదానను. ఏ విషయమైనను త్వరగా నేర్చుకొందును. పదిమందితో కలసి పనిచేయగలను. దయచేసి నాకు ఒక అవకాశం ఇప్పింపగలరు.”

ఇందులో అబద్ధం లేదు. కాని ఈ లేఖపై మరొక విద్యార్థి పేరు, మరొక సంస్థ పేరు వ్రాసినను చక్కగా సరిపోవును. ఎవరికైనను సరిపోవు లేఖ ఎవరి పక్షానను మాట్లాడదు. “నీవు స్వయంగా చేసిన పని ఏదైనా ఉన్నదా, అమ్మా?” అని అడిగినాము. “ఏమీ లేదు సార్, సర్టిఫికెట్లు ఏవీ లేవు” అన్నది. కొంతసేపు మాట్లాడిన పిమ్మట తెలిసిన సంగతి వేరు. ఆమె మేనమామగారికి మలక్‌పేటలో మందుల దుకాణం ఉన్నది. గడువు తీరిన మందులు బీరువాలో మిగిలిపోయి ప్రతి నెలా నష్టం వచ్చుచుండెను. ఈమె సెలవులలో కూర్చుండి సుమారు నాలుగు వందల మందుల పేర్లు, గడువు తేదీలు కంప్యూటరులో ఎక్కించి, రాబోవు అరువది దినములలో గడువు తీరు వాటి జాబితా ప్రతి శనివారం తీసి ఇచ్చు చిన్న ప్రోగ్రాము పైథాన్‌లో వ్రాసినది. మేనమామగారు ఆ జాబితా చూసి ముందుగానే సరుకును హోల్‌సేల్ డీలరుకు వాపసు చేయుచున్నారు.

ఆ సంస్థకు కావలసిన పని సరిగా ఇదే! అయినను ముద్ర వేసిన కాగితం లేనందువలన ఆమె దానిని పనిగా లెక్కింపలేదు. ఆమె తిరిగి వ్రాసిన లేఖ ఈ విధముగా ఉన్నది. అసలు లేఖ ఇంగ్లీషులోనిది. దాని భావం తెలుగులో ఇచ్చుచున్నాము:

“మీ సంస్థ ప్రకటించిన మూడు నెలల డేటా ఇంటర్న్‌షిప్పునకు దరఖాస్తు చేయుచున్నాను. నేను బీఎస్సీ మూడవ సంవత్సరం విద్యార్థినిని.

గత వేసవిలో మా కుటుంబానికి చెందిన మందుల దుకాణం కోసం గడువు తేదీలను గమనించు ప్రోగ్రామును పైథాన్‌లో వ్రాసినాను. సుమారు నాలుగు వందల మందుల వివరాలు అందులో ఉన్నవి. ఒకే మందు పేరును బిల్లులపై మూడు నాలుగు విధములుగా వ్రాయుట నాకు ఎదురైన పెద్ద చిక్కు. పేర్లను ఒక పద్ధతికి తెచ్చుటకే రెండు వారాలు పట్టినది. ప్రోగ్రామును గిట్‌హబ్‌లో ఉంచినాను, లంకె క్రింద ఇచ్చినాను.

మీ సాఫ్ట్‌వేర్ చిన్న దుకాణాలకు కూడ ఉద్దేశించినదని మీ ప్రకటనలో చదివినాను. దుకాణంలో బిల్లు వ్రాయువారు ఏ తొందరలో ఉందురో, ఎక్కడ పొరపాటు పడుదురో నేను దగ్గరగా చూచినాను. ఎస్‌క్యూఎల్ మాత్రం నాకు తరగతిలో నేర్పినంత వరకే వచ్చును. ప్రస్తుతం ఆ ప్రోగ్రామునే డేటాబేసులోకి మార్చుచు అభ్యాసం చేయుచున్నాను.

పరీక్షలు ముగిసిన మరుసటి వారం నుండి మూడు నెలలు పూర్తికాలం పనిచేయగలను. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలలో దుకాణదారులతో మాట్లాడగలను.”

రెండు లేఖలను వ్రాసినది ఒక్కరే. రెండవ దానిలో “కష్టపడుదును” అన్న మాట లేదు. కాని రెండు వారాలు పేర్లు సరిచేసిన సంగతి చదివినవారికి ఆమె శ్రమ తెలియును. “త్వరగా నేర్చుకొందును” అని లేదు. కాని తనకు తెలియనిది ఏదో, దానిని ఏ విధముగా నేర్చుచున్నదో చెప్పినది. లేఖలోని ప్రతి వాక్యమును ఇంటర్వ్యూలో ఎవరైనను పట్టుకొని “ఇది ఎట్లు చేసినావు?” అని అడిగినను ఆమె తడబడదు. మంచి లేఖకు మేము చెప్పు లక్షణం ఇదియే.

గమనింపవలసిన విషయములు

లేఖ ఒక్క పుటకు మించరాదు. ఇంగ్లీషులో రెండు వందల యేబది, మూడు వందల మాటలు చాలును. మొదటి పేరాలో ఏ పనికి వ్రాయుచున్నారో, రెండవ పేరాలో దానికి దగ్గరగా మీరు చేసిన పని ఏదో, మూడవ పేరాలో ఆ సంస్థనే ఎందుకు ఎన్నుకొన్నారో, చివర ఎప్పటినుండి ఎప్పటివరకు రాగలరో వ్రాయవలెను. ప్రకటనను రెండుమార్లు చదివి, అందులో వారు వాడిన మాటలలో మీకు నిజముగా వచ్చినవానిని లేఖలో వాడుట మంచిది. అనేక సంస్థలు వచ్చిన దరఖాస్తులను మొదట కంప్యూటరు ద్వారానే వడపోయుచున్నవి. అయితే 2015లో ప్రారంభమై 2022లో రాయదుర్గంలోని క్రొత్త భవనమునకు మారిన టీ-హబ్ వంటి చోట్ల ఉండు చిన్న సంస్థలలో లేఖను స్థాపకులే స్వయంగా చదువుట కలదు. అట్టివారికి వ్రాయునపుడు మరింత శ్రద్ధ అవసరం.

లేఖను, రెజ్యూమేను పీడీఎఫ్ రూపంలో, మీ పేరు ఫైలు పేరుగా ఉంచి పంపవలెను. ఈ-మెయిల్ చిరునామా మీ పేరుతోనే ఉండవలెను. స్నేహితుల ముచ్చటకు పెట్టుకొన్న ముద్దుపేర్లు ఇక్కడ తగవు. ఏ సంస్థకు ఏ తేదీన ఏ లేఖ పంపినారో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకొనుడు. పది దినములలో జవాబు రానిచో ఒక్కమారు మర్యాదగా జ్ఞాపకం చేయవచ్చును. రెండవమారు వద్దు. జవాబు రాని లేఖలు పెక్కు ఉండును. దానిని మీ యోగ్యతపై తీర్పుగా భావింపకుడు.

మరొక ముఖ్య విషయం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన నాటినుండి కృత్రిమ మేధ చేత లేఖ వ్రాయించుకొనుట సులభమైనది. వాక్యంలోని తప్పులు దిద్దుకొనుటకు దాని సహాయం తీసికొనుటలో దోషం లేదు. కాని మలక్‌పేట దుకాణం సంగతి ఆ యంత్రమునకు తెలియదు. మీరు చెప్పనిచో అది మొదటి లేఖనే మరింత అందమైన ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చును. మీరు చేయని పనులను చేసినట్లు చేర్చుటయు కలదు. ముందు మీ మాటలలో, తెలుగులోనైనను ఉర్దూలోనైనను, వ్రాసికొనుడు. పిమ్మట ఇంగ్లీషు సంగతి చూడవచ్చును.

భాషల విషయమై ఒక మాట. ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో చదివినామని మన విద్యార్థులు లేఖలో దాచిపెట్టుట మేము చూచినాము. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించినది. అంతకు ముందు సంవత్సరమే నెలకొల్పిన అనువాద సంస్థ, దారుల్ తర్జుమా, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. నేడు ఐఐఐటీలోని భాషా సాంకేతిక కేంద్రం భారతీయ భాషల నడుమ యంత్రానువాదంపై కృషి చేయుచున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన భాషిణి కూడ ఆ ఉద్దేశంతోనే సాగుచున్నది. ఇట్టి పనులకు రెండు లిపులు చదువగలవారు అవసరం. మీకు వచ్చిన భాషలను లేఖలో స్పష్టంగా వ్రాయుడు. ఏది చదువగలరో, ఏది వ్రాయగలరో, ఏది మాట్లాడ మాత్రమే గలరో విడివిడిగా చెప్పుడు.

మోసగాండ్ర విషయంలో హెచ్చరిక అవసరం. రిజిస్ట్రేషను రుసుమనియు, లాప్‌టాప్ డిపాజిట్టనియు ముందుగా డబ్బు అడుగువారిని నమ్మరాదు. పని నేర్పుటకు పిలిచినవారు మన వద్ద డబ్బు అడుగనవసరం లేదు. లేఖలోగాని, రెజ్యూమేలోగాని ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు వ్రాయకుడు. మోసపోయినచో సిగ్గుపడి ఊరకుండక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

కమిటీ పెద్దలకు మనవి

ఇంతవరకు విద్యార్థులకు అర్జీ వద్దని చెప్పిన మేము, కళాశాల కమిటీ పెద్దలకు మాత్రం ఒక అర్జీ సమర్పించుకొనుచున్నాము. ఇంటర్న్‌షిప్పునకు సంస్థలు కళాశాల నుండి ధ్రువీకరణ పత్రం అడుగుట కలదు. అది రెండు దినములలో విద్యార్థికి అందు ఏర్పాటు కావలెను. వారమునకు ఒక గంట, విద్యార్థులు వ్రాసిన లేఖలను ఒకరివి ఒకరు చదివి చర్చించుకొనుటకు గ్రంథాలయంలో ఒక బల్ల, ఒక అధ్యాపకుడు ఉన్నచో చాలును. మన పూర్వవిద్యార్థులలో ఎవరెవరు ఏయే సంస్థలలో ఉన్నారో తెలుపు పట్టిక ఒకటి తయారుచేయవచ్చును. 2014లో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన నైపుణ్య సంస్థ ‘టాస్క్’తో మన కళాశాలను అనుసంధానించు విషయమును కూడ పరిశీలింప ప్రార్థన. వీనిలో దేనికిని పెద్ద ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా! నేడే ఒక తెల్లకాగితం తీసికొని, గత రెండేండ్లలో మీరు ఎవరికొరకైనను చేసి ఇచ్చిన పనులను వ్రాసికొనుడు. దుకాణపు లెక్కలు కావచ్చును, పక్కింటి పిల్లలకు చెప్పిన లెక్కల పాఠం కావచ్చును, మస్జిదు కమిటీకో, కాలనీ సంఘమునకో తయారుచేసి ఇచ్చిన చందాల పట్టిక కావచ్చును. దానికి సర్టిఫికెట్టు ఉన్నదా లేదా అని చూడకుడు. ఆ జాబితాతో మా వద్దకు రండు. ఇంగ్లీషు తప్పులు పిమ్మట దిద్దుకొందము.